రాయికి ఒకటి, ఇసుకకు ఒకటి

జీప్ గ్లాడియేటర్ పికప్ 2020 మోడల్‌గా అమెరికా షోరూముల్లోకి వచ్చినప్పుడు స్పోర్ట్ రకం ధర 33,545 డాలర్లు, రూబికాన్ రకం ధర 43,545 డాలర్లు. రవాణా ఖర్చు వేరే. బానెట్ ఎత్తితే రెండింట్లోనూ ఒకటే ఇంజిన్ కనబడుతుంది: 3.6 లీటర్ల వీ6, 285 హార్స్‌పవర్, 353 న్యూటన్ మీటర్ల టార్క్. రెండూ ఒహాయో రాష్ట్రంలోని టొలీడో ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. ఇంజిన్ మారలేదు, మరి ఆ పది వేల డాలర్లు ఏం చేశాయి?

ఒకే వాహనాన్ని ఇలా మెట్లు మెట్లుగా పేర్లు పెట్టి అమ్మడాన్ని అమెరికాలో ట్రిమ్ లెవెల్ అంటారు. మన షోరూముల్లో వేరియంట్ అంటారు. మామూలు కారులో ఈ లెక్క తేలిక. డబ్బు పెట్టినకొద్దీ సీట్లు మెత్తబడతాయి, తెర పెద్దదవుతుంది, పైకప్పుకు కిటికీ వస్తుంది. అడవి దారుల్లో, కొండరాళ్ల మీద తిరిగే పికప్ దగ్గరికి వచ్చేసరికి ఈ నిచ్చెన తప్పుదారి పట్టిస్తుంది. ధర ఒకే వరుసలో పైకి పోతుంది కానీ సామర్థ్యం మధ్యలో కొమ్మలుగా చీలిపోతుంది. ఒక కొమ్మ రాళ్ల వైపు, ఒకటి ఇసుక వైపు, ఇంకొకటి బరువు వైపు. ఒక కొమ్మ మీద పైకి పోయేవాడు ఇంకో కొమ్మకు దూరమవుతాడు.

గ్లాడియేటర్‌లో ఈ చీలిక పేర్లలోనే కనిపిస్తుంది. రూబికాన్ అన్నది కాలిఫోర్నియాలో, సియెరా నెవాడా కొండల్లో టాహో సరస్సుకు పడమటగా సుమారు 35 కిలోమీటర్లు సాగే దారి పేరు. దారి అనడమే గాని అదంతా గ్రానైట్ బండల వరస. మొహావీ అన్నది దక్షిణ కాలిఫోర్నియా నుంచి నెవాడా దాకా పరుచుకున్న ఎడారి. మొహావీ రకం కూడా 2020 మోడల్‌గానే వచ్చింది. రూబికాన్‌ను మించిన రకం అని దాన్ని తీసుకొచ్చారనుకుంటే పొరపాటు. అది జవాబు చెప్పేది వేరే భౌతికశాస్త్ర ప్రశ్నకు.

కావడి లెక్క

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోతుంది. ఈ చిక్కు తీర్చడానికి ఇరుసు మధ్యలో పెట్టిన పళ్లచక్రాల అమరికే డిఫరెన్షియల్. 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెక్యూర్ ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి అది ఒప్పుకుంటుంది. అందుకు బదులుగా ఒక షరతు పెడుతుంది: రెండు వైపులకూ ఎప్పుడూ సమానమైన టార్కే, అంటే తిప్పే బలమే, అందిస్తుంది.

ఆ షరతులోనే ఇబ్బంది అంతా ఉంది. కావడిలో ఒక కుండ చిల్లుపడి నీళ్లు నిలవకపోతే రెండో కుండనూ నింపలేం, కావడి ఒరిగిపోతుంది. డిఫరెన్షియల్ కూడా అంతే. ఒక చక్రం బురదలో జారుతూ ఎంత తక్కువ బలాన్ని నేల మీద ఆనించగలదో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది.

అంకెలు వేసి చూద్దాం. బండి బరువు 2,200 కిలోలు, వెనక ఇరుసు మీద 1,000 కిలోలు, అంటే ఒక్కో చక్రం మీద 500 కిలోలు అనుకుందాం. ఎడమ చక్రం పొడి రాయి మీద ఉంది, ఘర్షణ గుణకం 0.8. కుడి చక్రం నీటి బురదలో ఉంది, ఘర్షణ గుణకం 0.1. రాయి మీది చక్రం 400 కిలోల బలంతో నెట్టగలదు. బురదలోది 50 కిలోలకే జారిపోతుంది. మామూలు డిఫరెన్షియల్‌లో ఎడమవైపుకూ 50 దాటి రాదు. మొత్తం 100 కిలోలు. ఈ బలంతో బండి నాలుగున్నర శాతం వాలు ఎక్కగలదు, అంతే. ఇప్పుడు రెండు చక్రాలనూ ఒక్కటిగా బిగించే లాకర్ వేస్తే? ప్రతి చక్రం తన పట్టు ఎంతో అంత నెడుతుంది: 400 కి 50 కలిపితే 450. 20 శాతం వాలు ఎక్కడానికి కావలసింది 431 కిలోలే. అదే ఇంజిన్, అవే టైర్లు, అదే నేల. ఒక్క స్విచ్ నొక్కితే నాలుగున్నర రెట్ల బలం.

ముందు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే చాలదా? పెద్ద గుంతను ఏటవాలుగా దాటేటప్పుడు ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం ఒకేసారి గాలిలోకి లేవడం మామూలే. అప్పుడు ముందు ఇరుసులోనూ వెనక ఇరుసులోనూ అదే షరతు అడ్డొస్తుంది. లేచిన రెండు చక్రాలు గిర్రున తిరుగుతాయి, నేల మీదున్న రెండూ కదలవు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి అని పేరు, రెండు చక్రాల బలం కూడా నేలకు దిగదు.

స్పోర్ట్ రకంలో దీనికి విరుగుడు బ్రేకు. తిరిగిపోతున్న చక్రాన్ని కంప్యూటర్ బ్రేకు వేసి పట్టుకుంటుంది. బ్రేకు ఎదురొత్తినంత మేరా అటువైపు టార్క్ పెరుగుతుంది, సమాన పంపకం షరతు ప్రకారం ఇటువైపు చక్రానికీ అంతే పెరుగుతుంది. డిఫరెన్షియల్ నియమాన్నే తెలివిగా వాడుకోవడం ఇది. కాకపోతే బ్రేకు మింగిన శక్తి అంతా వేడిగా పోతుంది. పైగా చక్రం జారడం మొదలయ్యాకే కంప్యూటర్‌కు సంగతి తెలుస్తుంది. రెండు మూడు గుంతలకు ఇది చాలు. పొద్దస్తమానం బండలెక్కాలంటే చాలదు. రూబికాన్‌లో ముందూ వెనకా రెండు ఇరుసులకూ లాకర్లు ఉంటాయి. మొహావీలో వెనక ఇరుసుకు మాత్రమే ఉంటుంది. స్పోర్ట్‌కు కొంత అదనంగా చెల్లిస్తే వెనక ఇరుసుకు జారుడును పరిమితం చేసే డిఫరెన్షియల్ పెట్టించుకోవచ్చు. పూర్తి లాకర్ కాకపోయినా మట్టి రోడ్ల మనిషికి అది సగం సమస్య తీరుస్తుంది.

రూబికాన్ ముందు ఇరుసులో ఇంకో స్విచ్ కూడా ఉంది. రోడ్డు మీద మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ చాలా వాహనాల్లో ఉంటుంది. బండల మీద అదే కడ్డీ ఒక చక్రం లేస్తే రెండోదాన్నీ పైకి లాగుతుంది. స్విచ్ నొక్కితే అది విడిపోయి, చక్రం ఇంకాస్త కిందికి చాచి నేలను అందుకుంటుంది. లాకర్ అవసరమే రాకుండా చూసేది ఇది.

నెమ్మదికి కట్టే వెల

రూబికాన్ ప్రకటనల్లో గొప్పగా చెప్పే అంకె 77.2. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మొదటి గేరు నిష్పత్తి 4.71, ముందు వెనక ఇరుసులకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజి, అంటే నెమ్మదిగా నడిపే గేరు, 4, ఇరుసులో 4.10. మూడింటినీ గుణిస్తే 77.2 వస్తుంది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ 77 చుట్లకు పైగా తిరుగుతుంది. స్పోర్ట్‌లో లో రేంజి 2.72, ఇరుసు 3.73. గుణిస్తే దాదాపు 48.

పెద్ద అంకె కాబట్టి ఎక్కువ బలం అని అమ్మేవాళ్లు చెబుతారు. లెక్క వేస్తే విషయం వేరు. 353 న్యూటన్ మీటర్లను 48తో గుణించి, 40 సెంటీమీటర్ల చక్రం వ్యాసార్ధంతో భాగిస్తే నేల దగ్గర 42 వేల న్యూటన్ల బలం వస్తుంది. 2,200 కిలోల బండి పొడి రాయి మీద జారకుండా వాడుకోగలిగేది సుమారు 17 వేల న్యూటన్లే. అంటే స్పోర్ట్ దగ్గరే నేల పట్టుకోగలిగిన దానికి రెండింతల పైన బలం ఉంది. రూబికాన్ ఇంకా కలిపినదాన్ని నేల తీసుకోలేదు.

మరి 77 దేనికి? నెమ్మది కోసం. ఇంజిన్ నిమిషానికి 650 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఇంజిన్‌కూ ఆటోమేటిక్ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో జారుడును పక్కన పెడితే, 33 అంగుళాల టైర్లున్న రూబికాన్ గంటకు 1.3 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. స్పోర్ట్ రెండు కిలోమీటర్లతో కదులుతుంది. ఈ ముప్పాతిక కిలోమీటరు తేడా కాగితం మీద అల్పం. టైరు బండ అంచుమీద ఉండి, రాతికీ ఇరుసుకూ మధ్య నాలుగు వేళ్ల సందున్నప్పుడు డ్రైవరుకు దొరికే వ్యవధి ఒకటిన్నర రెట్లవుతుంది. పైగా 353 న్యూటన్ మీటర్ల టార్క్ ఇంజిన్ జోరుగా తిరిగినప్పుడే దొరుకుతుంది, అంత నెమ్మదిలో అందేది అందులో కొంతే. ఆ కొంతను 77తో గుణిస్తే యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి ఎక్కేస్తుంది. కుదుపు ఉండదు. కుదుపు లేకపోతే చక్రం జారదు. రాళ్ల మీద గెలిచేది ఆ నిదానమే.

బండలు లేని చోట మాత్రం ఈ సౌకర్యం ఊరికే కూర్చుంటుంది. పొలం గట్టు, చెరువు కట్ట, వానకు కోసుకుపోయిన మట్టి దారి, వీటికి 48 ధారాళంగా చాలు. మొహావీలో లో రేంజిని 2.72 దగ్గరే ఉంచేశారు. ఎడారి మనిషికి కావలసింది నెమ్మది కాదు కదా.

ఇసుకలో వేడి

ఎడారి దారిలో బండిని ఓడించేది వేడి. ఆ వేడి ఎండది కాదు, షాక్ అబ్జార్బర్ లోపల పుట్టేది.

మట్టి దారుల మీద అడ్డంగా, వరసగా పడే గతుకులు ప్రపంచంలో అన్నిచోట్లా ఉన్నాయి. బండ్ల స్ప్రింగులు ఊగడం వల్లే అవి పుడతాయని అనుకునేవారు. 2007లో నికొలాస్ టాబర్లే, స్టీఫెన్ మోరిస్, జిమ్ మెకెల్వేన్ తిరిగే ఇసుక బల్ల మీద ఒక చక్రాన్ని దొర్లించి చూశారు. స్ప్రింగు లేకపోయినా, ఒక వేగం దాటగానే అలలు వాటంతట అవే లేచాయి. వేగంగా పోయే దారి ఉన్నచోట గతుకులు తప్పవు. వాటి మీద వేగంగా పోవాలంటే చక్రం సెకనుకు ఎన్నోసార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంది.

స్ప్రింగు ఆ శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. ఊపును నిజంగా చంపేది షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలోని నూనెను పిస్టన్ సన్నటి రంధ్రాల గుండా తోస్తుంది, కదలిక వేడిగా మారుతుంది. పది నిమిషాలు గతుకుల మీద పరుగెత్తిస్తే నూనె కాగి పలచబడుతుంది, నురగ కడుతుంది. పలచటి నూనె, నురగ పట్టిన నూనె పిస్టన్‌ను ఆపలేవు. బండి పడవలా ఊగుతుంది, స్టీరింగు మాట వినదు.

మొహావీకి పెట్టిన అదనపు డబ్బులో పెద్ద భాగం ఇక్కడికే వెళ్లింది. రూబికాన్ షాక్ అబ్జార్బర్ వ్యాసం 2 అంగుళాలు, మొహావీది రెండున్నర. వ్యాసంలో పెరిగింది అర అంగుళమే అయినా గొట్టం అడ్డుకోత వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైగా నూనెకు బయట ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. నూనె ఎక్కువ, చల్లబడే లోహం ఎక్కువ. గొట్టం లోపల నడుమ భాగంలో పక్కదారి రంధ్రాలు పెట్టారు. మామూలు కదలికలో నూనె ఆ రంధ్రాల గుండా తేలిగ్గా పోతుంది, ప్రయాణం మెత్తగా ఉంటుంది. చక్రం పెద్ద గుంతలో పడి పిస్టన్ చివరిదాకా దూసుకొస్తే అక్కడ రంధ్రాలుండవు, నూనెకు దారి మూసుకుపోయి ప్రతిఘటన ఒక్కసారిగా పెరుగుతుంది. అదీ దాటితే ముందు ఇరుసు దగ్గర లోహానికి లోహం తగలకుండా నూనెతో పనిచేసే ఇంకో అడ్డు ఉంటుంది.

గంటకు కిలోమీటరున్నర వేగంతో బండలెక్కే మనిషికి ఇందులో దేనితోనూ పని లేదు. ఆ వేగంలో షాక్ అబ్జార్బర్‌కు కాగడానికి అవకాశమే రాదు. రూబికాన్ లాకరు ఇసుక మీద వేగంగా పోయేవాడికి ఎంత అవసరమో, మొహావీ షాక్ అబ్జార్బర్ బండలెక్కేవాడికీ అంతే అవసరం. ఖరీదులో ఇవి పక్కపక్కన నిలబడతాయి, పనిలో ఎదురెదురుగా నిలబడతాయి.

బరువు చిట్టా

మూడో కొమ్మ గురించి ప్రకటనలు పెద్దగా మాట్లాడవు. పికప్ అన్నది పుట్టింది సరుకు మోయడానికి. 2020 గ్లాడియేటర్ స్పోర్ట్ గరిష్ఠంగా 1,600 పౌండ్లు, అంటే సుమారు 725 కిలోలు మోస్తుంది. ఆటోమేటిక్ గేర్లున్న రూబికాన్ మోసేది 1,160 పౌండ్లు, దాదాపు 525 కిలోలు. పది వేల డాలర్లు ఎక్కువ పెట్టి కొన్న బండి రెండు వందల కిలోలు తక్కువ మోస్తుంది.

మోత బరువంటే, బండి తూగవచ్చని కంపెనీ నిర్ణయించిన మొత్తం బరువులోంచి దాని సొంత బరువు తీసివేయగా మిగిలింది. లాకర్లు, బరువైన టైర్లు, పొట్ట కింద ఉక్కు పలకలు, దిట్టమైన ట్రాన్స్‌ఫర్ కేసు, అన్నీ కలిసి రూబికాన్ సొంత బరువును స్పోర్ట్ కంటే సుమారు 190 కిలోలు పెంచాయి. పోయిన మోత ఇంచుమించు అంతే. బండి తన పనిముట్లను తానే మోసుకుంటోంది.

డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం వారాంతాల్లో సరస్సుకు పడవ లాక్కుపోదామని ఈ బండి చూస్తోందనుకుందాం. నలుగురు మనుషులు, తలా 75 కిలోలు, మొత్తం 300. మోతలో మనుషులూ లెక్కే అని చాలామంది మరిచిపోతారు. రూబికాన్‌లో ఇక మిగిలింది 225 కిలోలు. వెనక తగిలించిన ట్రైలరు బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడాలి, లేకపోతే అది హైవే మీద తోకలా ఊగుతుంది. 1,800 కిలోల పడవ, ట్రైలరు అయితే కొక్కెం మీద 180 నుంచి 270 కిలోలు. ఐస్ పెట్టె, సంచులు పెట్టకముందే చిట్టా నిండిపోయింది. రూబికాన్ లాగగలదని కంపెనీ చెప్పే 7,000 పౌండ్లలో, అంటే 3,175 కిలోల్లో, ఈ పడవ సగానికి కాస్త పైన, అంతే. లాగే శక్తి ఉంది, మోసే శక్తి ముందే అయిపోయింది. 2020 స్పోర్ట్‌కు తగిన ప్యాకేజీ తీసుకుంటే అదే ఇంజిన్ 7,650 పౌండ్లు లాగుతుంది. మొహావీ దగ్గర అంకె 6,000కు పడిపోతుంది.

అమెరికాలో ప్రతి కొత్త బండికీ డ్రైవరు తలుపు తీస్తే, దాని చట్రం మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సరుకు కలిసి ఎంత బరువు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. అది ఆ బండి అంకె. బ్రోచర్లో ఉన్నది ఆ రకంలో అన్నిటికన్నా తేలికైన బండి అంకె. షోరూములో చదవాల్సిన మొదటి కాగితం ఆ చీటీ.

ట్రిమ్ ఇవ్వలేనివి

కొన్నింటిని ఏ పేరూ మార్చలేదు. గ్లాడియేటర్ ముందు వెనక ఇరుసుల మధ్య దూరం దాదాపు మూడున్నర మీటర్లు. అంత పొడుగు బండి గట్టు దాటేటప్పుడు పొట్ట ఆనుతుంది. పొట్ట తగలకుండా దాటగల గట్టు కోణం స్పోర్ట్‌కు 18.4 డిగ్రీలు, రూబికాన్‌కు 20.3. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన స్ప్రింగులు అన్నీ కలిసి సాధించింది రెండు డిగ్రీల లోపే. ముందు భాగం తగలకుండా ఎక్కగల కోణం రూబికాన్‌కు 43.6 డిగ్రీలు ఉండటం గొప్పే. కానీ ముక్కు ఎక్కిన చోటల్లా పొట్ట దాటుతుందని లేదు.

ఇక కొన్ని ఉచితంగా దొరుకుతాయి. టైరు నేలను తాకే వైశాల్యం ఉజ్జాయింపుగా దాని మీది బరువును గాలి పీడనంతో భాగించినంత. 550 కిలోల బరువు, 36 పీఎస్ఐ గాలి ఉన్నప్పుడు అది సుమారు 217 చదరపు సెంటీమీటర్లు. గాలి 18కి దించితే రెట్టింపు. ఇసుకలో కూరుకుపోయే బండి తేలుతుంది, రాయి మీద టైరు వొదిగి కూర్చుంటుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. చిన్న కంప్రెసరు, పీడనం చూసే గేజీ ఉంటే, ఏ పేరు అతికించిన బండి అయినా మరో మెట్టు ఎక్కుతుంది.

మరి దేనికి డబ్బు పెట్టాలి? తర్వాత మార్చుకోగలిగిందేదో, మార్చుకోలేనిదేదో వేరు చేస్తే దారి తెలుస్తుంది. టైర్లు అరిగిపోయేవే, ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. షాక్ అబ్జార్బర్లు నాలుగు బోల్టులు విప్పితే వస్తాయి, మంచివి బజారులో దొరుకుతాయి. సీట్లు, తెరలు, బానెట్ మీది బొమ్మల సంగతి సరేసరి. లాకర్ వేయించాలంటే ఇరుసు విప్పాలి, పళ్లచక్రాలను మళ్లీ వెంట్రుకవాసి కొలతలతో కూర్చాలి. పని ఖరీదు, నేర్పున్న మెకానిక్కు దొరకడం కష్టం. లో రేంజి మార్చాలంటే ట్రాన్స్‌ఫర్ కేసే మారాలి. కాబట్టి బండలెక్కడం ఖాయమైతే వాటిని ఫ్యాక్టరీ నుంచే తెచ్చుకోవాలి. వేగంగా ఎడారి తిరిగేవాడు ఆ షాక్ అబ్జార్బర్లతో పాటు దిట్టం చేసిన చట్రమూ కావాలనుకుంటేనే మొహావీకి వెళ్లాలి. అన్నిటికన్నా చివర బరువు ఉంది. కంపెనీ నిర్ణయించిన మొత్తం బరువును ఏ మెకానిక్కూ పెంచలేడు. గట్టి స్ప్రింగులు వేయిస్తే వెనక భాగం లేస్తుంది గాని తలుపు దగ్గరి చీటీ మీది అంకె మారదు.

మన దగ్గరా ఈ ప్రశ్న ఉంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. అందులో హై-ల్యాండర్‌కు రెండు చక్రాల డ్రైవే. పేరు విని కొండలెక్కుతుందనుకుంటే మోసం. అదే కుదురులో వీ-క్రాస్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్‌లో స్టాండర్డ్, హై రెండింటికీ ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. మొదటి జంటలో తేడా ఇరుసుల దగ్గర ఉంది. రెండో జంటలో పై రకానికి పెట్టే డబ్బులో ఎక్కువ భాగం సౌకర్యానికే పోతుంది.

షోరూముకు వెళ్లేముందు ఒక కాగితం మీద మూడు వరసలు రాసుకుంటే చాలు: మామూలు రోజున బండి మోసే బరువు, తిరిగే నేల, ఆ నేల మీద వేగం. బరువు ఎక్కువుంటే కింది మెట్టే మేలు. నేల రాయి అయితే లాకరూ లో రేంజీ. ఇసుకా వేగమూ అయితే షాక్ అబ్జార్బర్లు. మూడు వరసల్లోనూ పెద్దగా ఏమీ రాయలేకపోయిన మనిషి స్పోర్ట్ కొనుక్కుని, మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకూ, కొంత దారి ఖర్చులకూ పెట్టుకోవచ్చు.